ఐసీయూలో నెమ్ము: ప్రాణం మీదికి ఎప్పుడొస్తుంది?

ప్రశ్న: మాది పర్చూరు దగ్గర పల్లె. నాన్నకు 66 ఏళ్లు. షుగరుంది, బీడీ మానలేదు. మిరప కల్లంలో ఉండగా జ్వరం, దగ్గు మొదలయ్యాయి. నాలుగు రోజులు ఊళ్లో ఆర్‌ఎంపీ చేత ఇంజక్షన్లు వేయించాం. ఆయాసం ఎక్కువైతే గుంటూరు తీసుకొచ్చాం. నెమ్ము (న్యుమోనియా) అని వెంటిలేటర్ పెట్టారు. బతుకుతాడా అంటే ‘ఇప్పుడే చెప్పలేం’ అంటున్నారు.

జవాబు: నిజంగానే చెప్పలేరండీ. మందు పనిచేస్తోందో లేదో తేలడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అందరూ ఎక్స్‌రేలో తెల్లమచ్చ ఎంతుందనే అడుగుతారు. నన్నడిగితే మిగతా ఒళ్లెలా ఉందో అడగాలి. చేర్చిన రోజు మేం చూసేవి ఇవి: నిమిషానికి ఊపిరి 30కి చేరిందా, పై బీపీ 90 కంటే కిందికి పడిపోయిందా, మనిషి తికమకగా మాట్లాడుతున్నాడా, రక్తంలో యూరియా పెరిగిందా, వయసు 65 నిండిందా. ఇందులో ఎన్ని ఉంటే ముప్పు అంత ఎక్కువ. ఇక రోజూ మీరు అడగాల్సినవి మూడు: బీపీ నిలబెట్టే మందు తగ్గిస్తున్నారా, మూత్రం వస్తోందా, వెంటిలేటర్‌లో ఆక్సిజన్ శాతం దిగుతోందా.

ఊళ్లో వేయించిన ఇంజక్షన్ల పేర్లు, చీటీ లేకపోతే ఖాళీ సీసాలైనా సరే, డాక్టరుకు చూపించండి. ముందే వాడిన యాంటీబయాటిక్‌ను బట్టి ఇప్పటి మందు మార్చాల్సి రావచ్చు. వాటిలో స్టిరాయిడ్ ఉంటే జ్వరం కనబడకుండా పోతుంది, షుగరు మాత్రం పెరుగుతుంది.

ఏ సూక్ష్మజీవో తేలడానికి రక్తం కల్చర్‌కు పంపారా అనీ అడగండి. 2025లో గుంటూరు పక్కన తురకపాలెంలో వరుస మరణాలప్పుడు మెలియాయిడోసిస్ పేరు విన్నారు కదా. మట్టిలో, బురదనీళ్లలో ఉండే ఆ జబ్బు సూక్ష్మజీవికి షుగరున్న రైతు తేలిగ్గా దొరుకుతాడు. మామూలు మందులు చాలావరకు దానిమీద పనిచేయవు. సెఫ్టాజిడైమ్‌గానీ మెరోపెనెమ్‌గానీ కావాలి, ఆపైన నెలల తరబడి మాత్రలు.

వెంటిలేటర్ పెట్టిన 48 గంటల తర్వాత మరో న్యుమోనియా రావచ్చు. మొండి సూక్ష్మజీవులతో వచ్చేది కాబట్టి అదే ఎక్కువ భయం. తలవైపు మంచం ఎత్తి ఉంచుతారు, దించమనకండి. చేతులు కడుక్కోకుండా ముట్టుకోవద్దు. ఇంకోమాట, నోట్లో తులసి తీర్థం పోయొద్దు. భక్తి కాదనను, ఆ చుక్కలు ఊపిరితిత్తుల్లోకే పోతాయి.

ప్రశ్న: పురుగుమందు కడుపులోకి పోయినవాళ్లకు నెమ్ము ఎందుకు చేస్తుంది?

జవాబు: స్పృహ తగ్గుతుంది, నోట్లో చొంగ, గొంతులో కఫం ఊరతాయి, కక్కింది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. మోనోక్రోటోఫాస్ లాంటి మందైతే ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య ఊపిరి కండరాలు కూడా చచ్చుబడొచ్చు. ‘విషం దిగింది’ అని ఇంటికి తెచ్చేసుకోవద్దు. సబ్బునీళ్లు, ఉప్పునీళ్లు తాగించి కక్కించొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆ డబ్బా కూడా పట్టుకుని 108లో ఎక్కండి.