షోల్డర్ చార్ట్ వచ్చిందా? చివరి లైన్ దాకా చదవండి!

మీ వర్క్ క్యూలో షోల్డర్ ఆర్థ్రోస్కోపీ చార్ట్ పడింది. అప్పుడు మీరేం చేస్తారు? దాన్ని పక్కన పెట్టి, తేలిగ్గా అయిపోయే చార్ట్ ఇంకేదైనా ఉందేమోనని వెతుకుతారు. అవునా, కాదా?

ఈ అలవాటును ఈ వారంలోనే మార్చేద్దాం. మీరు మార్చుకోగలరు. ఆ విషయంలో నాకు రవ్వంత అనుమానం కూడా లేదు.

అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ సర్టిఫికెట్ సీపీసీ కోచింగ్‌కు వచ్చే బీఫార్మసీ, బీఎస్సీ, ఫిజియోథెరపీ, నర్సింగ్ పిల్లల్ని అడగండి. హైటెక్ సిటీలో కూర్చుని అమెరికా హాస్పిటల్స్ చార్టులు కోడ్ చేసేవాళ్లను అడగండి. ఆర్థో అంటే భయం అంటారు. అందులోనూ భుజం అంటే మరీ భయం అంటారు.

ఈ భయం తెలివి తక్కువై వచ్చింది కాదు. భుజంలో అన్నీ ఇరుకిరుగ్గా, ఒకదాని మీద ఒకటి ఉంటాయి. సర్జన్ చిన్న చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పంపి, ఒకే సిట్టింగ్‌లో నాలుగైదు పనులు చేస్తాడు. వాటిలో ఏది విడిగా బిల్ అవుతుంది, ఏది ఇంకో కోడ్‌లో కలిసిపోతుంది? అది తేల్చాల్సింది మీరే.

ఇక్కడ గెలిపించేది జ్ఞాపకశక్తి కాదు, చదివే అలవాటు. అది ఎవరికైనా వస్తుంది. మీకూ వస్తుంది.

హెడ్డింగ్ చూసి కోడ్ వేయకండి

ఒక ఆపరేటివ్ నోట్ తీసుకుందాం. ప్రాక్టీస్ కోసం నేను తయారు చేసిందే కానీ, ఇలాంటివి మీకు రోజూ తగులుతాయి. కుడి భుజం. పైన "ప్రొసీజర్స్ పెర్ఫార్మ్‌డ్" అని ఐదు లైన్లు:

1. ఆర్థ్రోస్కోపిక్ రొటేటర్ కఫ్ రిపేర్
2. సబ్‌అక్రోమియల్ డీకంప్రెషన్
3. డిస్టల్ క్లావికిల్ ఎక్సిషన్
4. ఎక్స్‌టెన్సివ్ డెబ్రైడ్‌మెంట్
5. డయాగ్నస్టిక్ ఆర్థ్రోస్కోపీ

తొందరపడే కోడర్ ఏం చేస్తాడు? ఐదు లైన్లకు ఐదు కోడ్లు వేసేస్తాడు. 29827, 29826, 29824, 29823, 29805. రెండు నిమిషాల్లో చార్ట్ క్లోజ్. ఎర్రర్లు మాత్రం మూడు.

మనం అలా చేయం. కిందికి వెళ్దాం. బాడీ చదువుదాం.

మొదటి పేరా. కెమెరా లోపలికి వెళ్లింది, సర్జన్ జాయింట్ మొత్తం చూశాడు. ఇదే డయాగ్నస్టిక్ ఆర్థ్రోస్కోపీ. అదే భుజానికి, అదే సిట్టింగ్‌లో సర్జికల్ ఆర్థ్రోస్కోపీ చేస్తే ఇది అందులోనే కలిసిపోతుంది. 29805 తీసేయండి.

రెండో పేరా. లేబ్రమ్ అంచు చీలికలుగా ఉంటే షేవర్‌తో శుభ్రం చేశాడు. బైసెప్స్ టెండన్ మీద కూడా అదే పని. ఇక్కడ ఆగి లెక్కపెట్టండి. ఎన్ని స్ట్రక్చర్లు? రెండు. 29823 వేయాలంటే విడివిడి స్ట్రక్చర్లు మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఉండాలి. ఒకటీ రెండూ అయితే 29822, అంటే లిమిటెడ్. నోట్‌లో సర్జన్ "ఎక్స్‌టెన్సివ్" అని రాసినా సరే, మీరు లెక్కపెట్టేది ఆయన విశేషణాన్ని కాదు, ఆయన చేసిన పనిని. ఇక ఆ 29822 అయినా నిలుస్తుందా? అదే భుజానికి కఫ్ రిపేర్ జరిగింది కాబట్టి మెడికేర్ నిబంధనల్లో అది విడిగా రాదు.

మూడో పేరా. అక్రోమియన్ కింద ఎముక ముల్లులా పెరిగింది. బర్‌తో అరగదీసి చదును చేశాడు. ఎముక మీద పని జరిగినట్టు స్పష్టంగా ఉంది. 29826 ఓకే. బర్సా మాత్రమే తీసి ఊరుకుంటే ఓకే కాదు.

నాలుగో పేరా చాలామందిని పడగొట్టే చోటు. "క్లావికిల్ కింది అంచున ఉన్న ఆస్టియోఫైట్ తీసేశాం" అని ఉంది. అంతే. 29824 కావాలంటే క్లావికిల్ చివరి భాగాన్ని, జాయింట్ ఉపరితలంతో సహా తీయాలి. ఎంత తీశాడో మిల్లీమీటర్లలో కొలత కూడా కనబడితే ఆడిట్‌లో నిలబడుతుంది. ఇక్కడ తీసింది అంచున పెరిగిన ముల్లు మాత్రమే. కాబట్టి 29824 లేదు.

ఐదో పేరా. సుప్రాస్పైనేటస్ టెండన్ పూర్తిగా తెగింది. రెండు యాంకర్లతో ఎముకకు కట్టాడు, అంతా ఆర్థ్రోస్కోప్ ద్వారానే. 29827. యాంకర్లు రెండైనా నాలుగైనా ఒక్కసారే.

లెక్క తేలింది. హెడ్డింగ్‌లో ఐదు లైన్లు, క్లెయిమ్‌లో రెండు కోడ్లు: 29827, 29826. రెండింటికీ కుడి వైపు అని చెప్పే ఆర్‌టీ మాడిఫయర్.

క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "సార్, హెడ్డింగ్‌లో డాక్టరే రాశారు కదా!" నా జవాబు ఎప్పుడూ ఒకటే: "బాడీలో చూపించమ్మా." చూపించగలిగితే కోడ్ ఉంటుంది. చూపించలేకపోతే ఉండదు.

మీ భుజమే మీ టెక్స్ట్‌బుక్

ఇప్పుడే ఒక పని చేయండి. కుడి చేతి వేళ్లను మెడ కింద, ఎడమ కాలర్‌బోన్ (క్లావికిల్) మీద పెట్టండి. ఎముక వెంబడే బయటికి జరపండి. భుజం చివరికి వస్తుంటే చిన్న మిట్ట తగులుతుంది. అది ఏసీ జాయింట్. 29824 పని జరిగేది అక్కడ.

ఇంకాస్త ముందుకు జరపండి. చదునైన ఎముక. అదే అక్రోమియన్. దాని అడుగున బర్ పెట్టి అరగదీస్తే 29826.

ఆ ఎముక కిందున్న ఇరుకు సందులోంచి వెళ్లేదే సుప్రాస్పైనేటస్. దానికి తోడు ఇన్‌ఫ్రాస్పైనేటస్, టెరిస్ మైనర్, సబ్‌స్కాపులారిస్. ఈ నాలుగూ కలిస్తే రొటేటర్ కఫ్. 29827 పని అక్కడే.

మూడు కోడ్లు, మూడు చోట్లు, మీ వేళ్ల కిందే. రేపటి నుంచి ప్రతి షోల్డర్ నోట్‌కూ ఇలాగే చేయండి. సర్జన్ ఎక్కడున్నాడో వేలితో చూపించుకుంటూ చదవండి. పక్క సీటు వాళ్లు వింతగా చూస్తే చూడనివ్వండి. వారం తిరిగేసరికి వాళ్లూ మొదలుపెడతారు.

"అయ్యుంటుందిలే" మానేయండి

కోడర్‌కు ఉన్న అతి పెద్ద శత్రువు ఈ మాటే. డయాగ్నసిస్ కోడ్ దగ్గర ఇది దొంగలా దూరుతుంది.

రొటేటర్ కఫ్ టేర్ అని ఉంది. దెబ్బ తగిలి తెగిందా, వయసుతో అరిగి తెగిందా? నిచ్చెన మీంచి పడ్డాక తెగిందని డాక్టర్ రాస్తే, కుడి భుజానికి ఎస్46.011ఎ. దెబ్బ ప్రస్తావన లేని కంప్లీట్ టేర్ అయితే ఎం75.121. ఒకటి గాయాల చాప్టర్, ఇంకొకటి కండరాలూ కీళ్ల చాప్టర్. వర్కర్స్ కాంపెన్సేషన్ కేసులో ఇన్సూరెన్స్ ముందు చూసేదే ఈ తేడా. "పేషెంట్‌కు 35 ఏళ్లే కదా, దెబ్బే అయ్యుంటుందిలే" అని మీరు అనుకుంటే, అవతల ఒక మనిషి క్లెయిమ్ తారుమారవుతుంది. చార్ట్ వెనక నొప్పితో ఉన్న మనిషి ఉన్నారు. ఆ సంగతి మరవకండి.

ఏడో క్యారెక్టర్ కూడా అంతే. చివరి "ఎ" అంటే మొదటి విజిట్ అని చాలామంది అనుకుంటారు. కాదు. యాక్టివ్ ట్రీట్‌మెంట్ నడుస్తున్నంతకాలం "ఎ"నే. దెబ్బ తగిలిన మూడు వారాలకు సర్జరీ జరిగినా "ఎ"నే. కోలుకునే దశలో, రొటీన్ ఫాలోఅప్‌లో "డి".

కొన్నిచోట్ల మీకు ఊహతో పనే ఉండదు. గైడ్‌లైనే చెప్పేస్తుంది. హ్యూమరస్ పైభాగం ఫ్రాక్చర్ ఓపెనా క్లోజ్‌డా రాయలేదా? క్లోజ్‌డ్‌గా కోడ్ చేయాలి. ఎముక స్థానం తప్పిందో లేదో రాయలేదా? స్థానం తప్పినట్టే, అంటే డిస్‌ప్లేస్‌డ్‌గా కోడ్ చేయాలి. ఇది మీ అంచనా కాదు, ఐసీడీ-10-సీఎం నిబంధన.

మరి గైడ్‌లైన్ కూడా లేని చోట? అడగండి. క్వెరీ పంపండి. డాక్టర్‌కు క్వెరీ పంపాలంటే మనవాళ్లకు మొహమాటం. "అంత పెద్ద సర్జన్‌ను నేను అడగడమేంటి" అనిపిస్తుంది. ఆ మొహమాటం ఈ వృత్తిలో పనికిరాదు. క్వెరీ పంపడం మీ హక్కు కాదు, మీ డ్యూటీ.

ఎలా అడగాలో మాత్రం నేర్చుకోవాలి. "ఇది ట్రామాటిక్ టేర్ అని కన్ఫర్మ్ చేయండి" అని రాయకూడదు. అది జవాబును ఆయన నోట్లో పెట్టడం. "రొటేటర్ కఫ్ టేర్‌కు కారణం నోట్‌లో లేదు. ట్రామాటిక్, డీజనరేటివ్, ఇతర కారణం, నిర్ధారించలేం. వీటిలో ఏదో దయచేసి రాయగలరు." ఇలా రాయండి. మర్యాదగా, సూటిగా, నాలుగు దారులూ తెరిచి ఉంచి.  

59 మాడిఫయర్ షార్ట్‌కట్ కాదు

ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్తాను.

క్లెయిమ్ డినై అయి వచ్చింది. టీమ్‌లో ఎవరో అంటారు: "59 తగిలించు, పాసవుతుంది." వద్దు. ఆ పని చేయకండి. ఒక పని విడిగా జరిగిందని చెప్పే మాడిఫయర్ అది; ఏది విడి అన్నది ముందు తేలాలి.

మెడికేర్‌ను నడిపే సీఎంఎస్, ఏ కోడ్లు కలిపి బిల్ చేయకూడదో చెప్పే తన ఎన్‌సీసీఐ ఎడిట్స్‌లో ఒక భుజాన్ని ఒకే అనటామికల్ స్ట్రక్చర్‌గా చూస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆర్థోపెడిక్ సర్జన్స్ అలా చూడదు. ప్రధాన జాయింట్, ఏసీ జాయింట్, సబ్‌అక్రోమియల్ స్పేస్ మూడూ వేర్వేరు ఏరియాలంటుంది. కాబట్టి పేషెంట్‌ది మెడికేరా, ప్రైవేట్ ఇన్సూరెన్సా? ఆ పేయర్ ఏ రూల్ పాటిస్తుంది? ముందు అది చూడండి.

సీఎంఎస్ కూడా తలుపు పూర్తిగా మూయలేదు. ఎక్స్‌టెన్సివ్ డెబ్రైడ్‌మెంట్ అదే భుజంలో వేరే ఏరియాలో జరిగితే, 29824, 29827, 29828 (బైసెప్స్ టెనోడెసిస్) కోడ్లతో కలిపి 29823ని విడిగా చూపొచ్చు. అది నోట్‌లో ఉండాలి. ఉంటే ధైర్యంగా వేయండి. లేనిదాన్ని మాడిఫయర్‌తో పుట్టిస్తే అమెరికాలో దాన్ని ఫాల్స్ క్లెయిమ్ కింద చూస్తారు. ఇన్సెంటివ్ కోసం మీ పేరు పోగొట్టుకోకండి.

రోజుకు ఒక్క చార్ట్, నెమ్మదిగా

టార్గెట్లు ఉంటాయి, తెలుసు. అందుకే అన్నీ నెమ్మదిగా చేయమనడం లేదు. షిఫ్ట్ మొదట్లో, బుర్ర తాజాగా ఉన్నప్పుడు, ఒక్క షోల్డర్ నోట్ తీసుకోండి.

- హెడ్డింగ్ చూడకుండా నేరుగా బాడీ చదవండి.
- సర్జన్ ముట్టుకున్న ప్రతి స్ట్రక్చర్‌నూ, దానికి చేసిన పనినీ కాగితం మీద రాయండి.
- మొదలుపెట్టిన దారిలోనే ముగించాడా చూడండి. ఆర్థ్రోస్కోప్‌తో మొదలై మినీ-ఓపెన్‌గా రిపేర్ చేస్తే 29827 పోతుంది. అక్యూట్ అయితే 23410, క్రానిక్ అయితే 23412.
- ఇప్పుడు హెడ్డింగ్ చూడండి. మీ లిస్ట్‌తో ఎక్కడ తేడా వచ్చిందో అదే ఆ రోజు మీ పాఠం.

సీపీసీ పరీక్షకు చదువుతున్నారా? ఈ ప్రాక్టీస్ అక్కడా పనికొస్తుంది. 100 ప్రశ్నలు, 4 గంటలు. ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా రావు. పాస్ కావడానికి 70 శాతం. కోడ్ బుక్స్ మీ దగ్గరే ఉంటాయి కాబట్టి అక్కడ పరీక్షించేది కంఠస్థం కాదు. రిపేర్ ఎక్కడ ఆగింది, రీకన్‌స్ట్రక్షన్ ఎక్కడ మొదలైంది, ఓపెనా, స్కోపా? ప్రశ్నలో ఆ ఒక్క మాటను పట్టుకునే కన్ను కావాలి. అనుభవం లేకుండా పాసైతే సర్టిఫికెట్ మీద "ఏ", అంటే అప్రెంటిస్ అని ఉంటుంది. దానికి చిన్నబోకండి. పని చేస్తూ పోతే అది తొలగిపోతుంది.

ఆడిటర్ మెయిల్ వచ్చిన రోజు

ఎర్రర్ మార్క్ చేశారు. ఛాతీలో గుబులు. ముందు మంచినీళ్లు తాగండి. తర్వాత నోట్ మళ్లీ తెరవండి. ఆడిటర్ చెప్పిన లైన్ ఉందా? ఉంటే ఒప్పుకోండి, మీ నోట్‌బుక్‌లో రాసుకోండి, ముందుకెళ్లండి. లేదా? అయితే రిబటల్ రాయండి. "నాకు అలా అనిపించింది" అని కాదు. నోట్‌లో ఏ పేరా, ప్రొసీజర్ కోడ్ల పుస్తకం సీపీటీలో ఏ వివరణ, ఎన్‌సీసీఐ మాన్యువల్‌లో ఏ చాప్టర్ అని ఆధారం చూపించండి. మూడు లైన్లు చాలు.

ఆధారం తాజాదై ఉండాలి. సీనియర్లిచ్చిన పాత నోట్స్‌తో ఇక్కడే దెబ్బతింటారు. 29826 ఒకప్పుడు సొంతంగా నిలబడే కోడ్. 2012 నుంచి యాడ్-ఆన్ అయింది, ఇంకో ఆర్థ్రోస్కోపీ కోడ్ తోడు లేకుండా వేయడానికి లేదు. 29822, 29823లకు స్ట్రక్చర్ల లెక్క 2021లో వచ్చింది. అంతకు ముందు నోట్స్ రాసుకున్నవాళ్ల దగ్గర ఆ లెక్కే ఉండదు.

సీపీటీ కొత్త ఎడిషన్ జనవరి 1న, ఐసీడీ-10-సీఎం అక్టోబర్ 1న అమల్లోకి వస్తాయి. ఫోన్ తీయండి. ఆ రెండు తేదీలకూ రెండు వారాల ముందు రిమైండర్ పెట్టండి. మారిన షోల్డర్ కోడ్లు చూసుకోవడానికి ఒక్క సాయంత్రం చాలు.