విషాదాంతాల తిరగరాత: లియర్, సారంగధర

షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’ చివర కార్డీలియాను ఉరి తీస్తారు. కూతురి శవాన్ని చేతుల మీద మోసుకొచ్చిన ముసలి రాజు అక్కడే ప్రాణం విడుస్తాడు. 1681లో నాహమ్ టేట్ దీన్ని తిరగరాశాడు. విదూషకుణ్ని తీసేశాడు, లియర్‌కు రాజ్యం తిరిగి ఇప్పించాడు, కార్డీలియాకు ఎడ్గర్‌తో పెళ్లి కుదిర్చాడు! లండన్ జనానికి అదే నచ్చింది. శతాబ్దానికి పైగా అదే ఆడింది. 1823లో నటుడు ఎడ్మండ్ కీన్ విషాదాంతాన్ని, 1838లో మరో నటుడు మెక్రీడీ విదూషకుణ్ని మళ్లీ రంగమెక్కించారు. ఈ రెండు సంవత్సరాలు తారుమారు కానీయకండి.

తెలుగులో జరిగింది దీనికి తలకిందులు. చేమకూర వేంకటకవి ‘సారంగధర చరిత్ర’లో సారంగధరుడికి నరికిన కాళ్లూ చేతులూ ఒక సిద్ధుడి దయవల్ల మళ్లీ వస్తాయి. బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’లో ఆ ఊరట లేకుండా చేశారు. తొలి తెలుగు విషాదాంత నాటకమని దీనికి పేరు. మంగళాంతానికే అలవాటుపడ్డ సంప్రదాయంలో అలా రాయడానికి గుండెధైర్యం కావాలి. టేట్‌ది వ్యాపార తెలివి మాత్రమే.

తెలుగు నాటకం మాట వచ్చింది కాబట్టి, కావలి అభ్యర్థులకు మన నెల్లూరు జిల్లా ముచ్చట ఒకటి: ‘ప్రతాపరుద్రీయం’ (1897) నాటకకర్త వేదం వేంకటరాయశాస్త్రి. ఆయన నాటక సంస్థ ‘ఆంధ్ర భాషాభిమాని సమాజం’ నెల్లూరుదే. విద్యానాథుడి సంస్కృత అలంకార గ్రంథం పేరు కూడా ఇలాంటిదే, రెండూ కలిపేయకండి.