చదరంగ మాడు యంత్రము

మన ఎల్‌బీ నగర్‌లో చదరంగ మాడు బాలురు “కంప్యూటరు సర్వమును జూడగలదు” అందురు. అది దానికిని సాధ్యము గాదు. ఎత్తునకు ముప్పది దారు లున్నవనుకొందము. అవి చెట్టుకొమ్మలవలె జీలుచుండగా, ఇరువురివి గలిపి నాలుగెత్తులకే 8,10,000 దారు లగును. అయితే మునుపు జూచిన యెత్తుకంటె నిది చెడ్డదని ఎదుటివాని యొక్క జవాబువలననే తేలిన పిమ్మట, తక్కిన జవాబులను వెదకనేల? ఆ కొమ్మను నఱకివేయవచ్చును. మంచి యెత్తులనే ముందుగా జూచిన పక్షమున 1,799 చాలును!

ఈ శాస్త్రమున మన తెలుగువారి పేరును గలదు. చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులై, 1988 నాటి యుపన్యాసమున, జగజ్జేతను మించు చదరంగయంత్రమును కృత్రిమమేధకు గల మహాలక్ష్యములలో నొకటిగా బేర్కొనిరి. ‘డీప్ థాట్’ అచ్చటనే పుట్టెను. దాని నిర్మాతలలో గొందఱు ఐ.బి.యం.లో జేరి ‘డీప్ బ్లూ’ను నిర్మించిరి. 1997 మే నెలలో నది 480 చదరంగపు చిప్పులతో, సెకనుకు సుమారు 20 కోట్ల స్థితులను బరిశీలించి, కాస్పరోవును 3½–2½తో నోడించెను.

చిప్పులు 480 అయినను వేగము 480 రెట్లు గాదు. ఒకటి కనుగొన్నది వేఱొకదానికి దెలియులోపల, నఱకదగిన కొమ్మనే యది వెదకుచుండును. (పదుగురు గూడి లెక్కచేసి, ఫలితము నొకరికొకరు చెప్పకున్న నేమగునో మన తరగతిలో నెఱుగుదుము.)

విద్యార్థులారా, మూడు పులులు, పదునైదు మేకల పులిజూదమునకు రెండెత్తుల చెట్టును గాగితముపై గీచి, ఎన్ని కొమ్మలు నఱకవచ్చునో లెక్కింపుడు.