పొక్కులు లేచేదాకా ఆగకు

చిట్టితల్లికి,

ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని రాస్తున్నాను. మీ తోడికోడలి కొడుకు ఆదివారమంతా నీ ఒళ్లోనే ఆడాడు, సోమవారం పొద్దున వాడికి ఆటలమ్మ పోసింది. "అప్పటికి పొక్కులు లేవుగా పెద్దమ్మా" అన్నావు. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే అది అంటుకుంటుందమ్మా, అన్నీ ఎండి చెక్కు కట్టేదాకా అంటుకుంటూనే ఉంటుంది. ఒకే గదిలో పావుగంట కూర్చున్నా సరిపోతుంది. నీ లెక్క ఆదివారం నుంచే మొదలు.

కడుపుతో ఉన్నావు గనక, ముందు నీకు చిన్నప్పుడు వచ్చిందో లేదో తేలాలి. మీ అమ్మ "అమ్మవారు పోసిందే" అంటోంది గానీ, మన ఇళ్లలో తట్టు పోసినా ఆ మాటే అంటారు. నీళ్లు నిండిన పొక్కులా, ఉత్త ఎర్రటి దద్దురా అని గుచ్చి అడుగు. ఏ కాస్త అనుమానమున్నా రేపే రక్తం ఇచ్చిరా. వరిసెల్లా ఐజీజీ పరీక్ష అని చెప్పాలి. పాజిటివ్ వస్తే బెంబేలు పడేవు, నీ ఒంట్లో రక్షణ ఉందనే దాని అర్థం.

నెగటివ్ వస్తే రోజులు విలువైనవి. యాంటీబాడీల ఇంజెక్షన్ ఒకటుంది, కలిసిన పది రోజుల్లోపు చేయించుకోవాలి, ఎంత తొందరైతే అంత మేలు. ఖరీదెక్కువ, అన్ని ఊళ్లలో దొరకదు. దొరక్కపోతే ఎసిక్లోవిర్ మాత్రలు ఎప్పుడు మొదలుపెట్టాలో మీ డాక్టరమ్మ చెబుతుంది. పొక్కులు లేచాక ఆ ఇంజెక్షన్ ఎందుకూ పనికిరాదు. "వస్తే చూద్దాంలే" అనే మాట ఇక్కడ చెల్లదు.

బిడ్డ సంగతి. నీకిప్పుడు 18 వారాలు. 13 నుంచి 20 వారాల మధ్య తల్లికి ఆటలమ్మ వస్తే, నూటికి ఇద్దరు బిడ్డలకు చర్మం మీద మచ్చలు, కాళ్లు చేతులు సరిగా ఎదగకపోవడం, కంటి దోషం, మెదడు దెబ్బతినడం వంటివి రావచ్చు. మిగతా తొంభై ఎనిమిది మందికి అలాంటిదేమీ ఉండదు. అయినా తీయించుకోమని చెప్పే పెద్దమనుషులు తయారవుతారు. వాళ్ల మాట వినకు. ఒకవేళ ఆటలమ్మ వస్తే, వచ్చిన ఐదు వారాలకు వివరంగా స్కాన్ చేసి చూస్తారు.

కాన్పుల వార్డులో నర్సుగా పనిచేసిన దాన్ని, నాకు అంతకన్నా భయం నీ ఊపిరితిత్తుల గురించే. పెద్దవాళ్లకు, అందులోనూ గర్భిణులకు వస్తే న్యుమోనియాలోకి దిగవచ్చు. మీ అత్తయ్య వేపమండలు కట్టనీ, చలువ చేయనీ, కాదనకు. "అమ్మవారు ఇంట్లో ఉండగా మందు మింగకూడదు" అంటే మాత్రం ఒప్పుకోవద్దు. పొక్కు కనబడిన 24 గంటల్లో మందు పడితేనే గట్టి ఫలితం. ఆయాసం, ఛాతీలో నొప్పి, మగత, రక్తస్రావం, వీటిలో ఏది కనబడినా అర్ధరాత్రైనా ఆస్పత్రికి బయల్దేరు. జ్వరానికి పారాసిటమాల్ చాలు, ఐబుప్రొఫెన్ ముట్టకు.

ఆస్పత్రికి వెళ్లేముందు ఫోన్ చేసి చెప్పు. ఓపీ వరుసలో మిగతా గర్భిణుల పక్కన కూర్చోకు. పరీక్షలో రక్షణ లేదని తేలితే, ఎనిమిదో రోజు నుంచి ఇరవై ఒకటో రోజుదాకా, ఇంజెక్షన్ తీసుకుంటే ఇరవై ఎనిమిదో రోజుదాకా నువ్వూ అంటించగలవు. పొక్కులు రాకపోయినా ఆ రోజులన్నీ విడిగానే ఉండాలి. వచ్చే వారం శ్రీమంతం పెట్టుకున్నారటగా, అప్పుడు దాన్ని వాయిదా వేయమను. పేరంటానికి కడుపుతో ఉన్న మీ చిన్నాడపడుచు కూడా వస్తుంది. ముహూర్తం పోయిందని మీ అత్తయ్య నొచ్చుకుంటే నేను మాట్లాడతాను.

టీకా ఇప్పుడు నీకు వేయరు, అది బతికున్న వైరస్‌తో చేసింది. కాన్పయ్యాక రెండు డోసులు వేయించుకో, పాలిస్తూ కూడా వేయించుకోవచ్చు. మీ ఆయనకు చిన్నప్పుడు రాలేదన్నావు, అతన్ని ఈ వారమే డాక్టరు దగ్గరికి పంపు, అతనికి టీకా వేయొచ్చు. రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపించు.

మీ పెద్దమ్మ