ఊరిని కాపాడిన బీదవాడు

పాఠ్యభాగము: ప్రసంగి 9:13–18
సహాయ వాక్యములు: అపొస్తలుల కార్యములు 10:1–24, రోమా 13:7, 1 తిమోతి 5:4



ఈ మాసపు పాఠములో ప్రసంగి మనకొక చిన్న పట్టణమును చూపించుచున్నాడు. కాపురమున్నవారు కొద్దిమంది. బలవంతుడగు రాజు దానిమీదికి దండెత్తి వచ్చెను. ఆ యూరిలోని ఒక బీదవాడు తన తెలివిచేత ఊరిని కాపాడెను. గండము గడచిన తరువాత అతని మాట తలచినవారే లేకపోయిరి.

ఒక సంగతి గమనింతము. ఊరివారు అతనిని కొట్టలేదు, తిట్టలేదు, వెళ్లగొట్టలేదు. మరచిపోయిరి, అంతే. మరపు చప్పుడు చేయదు గనుక అదియు ఒక తప్పిదమని మనకు తోచదు.

నెమలి, తిరువూరు ప్రాంతములవారమగు మనకు ఈ సంగతి దూరదేశపుది కాదు. 2022లో జిల్లాలు విడిపోకముందు మనతోకూడ కృష్ణా జిల్లాలోనే యుండిన భట్లపెనుమర్రులో 1876 ఆగస్టు 2న పింగళి వెంకయ్యగారు జన్మించిరి. యౌవనమున సైన్యములో చేరి బోయరు యుద్ధకాలమున దక్షిణాఫ్రికాకు వెళ్లిరి. తిరిగివచ్చి ఊరకుండలేదు. జపాను భాష నేర్చినందున జపాను వెంకయ్య అనియు, ప్రత్తి పంటను పరిశోధించినందున పత్తి వెంకయ్య అనియు జనులు వారిని పిలిచిరి. 1916లో జాతీయ పతాకమును గూర్చి ఒక పుస్తకము ప్రకటించిరి. 1921లో బెజవాడ కాంగ్రెసు సభల సమయమున ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీగారికి చూపించిరి. గాంధీగారు తెలుపును చేర్చుమనిరి. 1931లో ఎరుపు స్థానమున కాషాయము వచ్చెను. 1947 జూలై 22న రాట్నమునకు బదులు చక్రము నిలిచి, నేడు మన బడులమీద ఎగురు జెండా యైనది.

ఇంత చేసిన పెద్దమనిషి 1963 జూలై 4న బీదవారుగానే కన్నుమూసిరి. వారి పేర తపాలాబిళ్ల వెలువడినది 2009లో, అనగా 46 ఏండ్ల తరువాత. 2021లో ముఖ్యమంత్రి మాచర్లకు వెళ్లి, వృద్ధురాలైన వారి కుమార్తెను సత్కరించిరి. ఇవన్నియు మంచి పనులే. అయితే వినవలసిన చెవులు అప్పటికి మూతపడినవి.

వెంకయ్యగారు మన సంఘపువారు కారుగదా అని ఎవరైన అనవచ్చును. పౌలు సన్మానమును కూడ తీర్చవలసిన అప్పులలో చేర్చుచున్నాడు. ఆ అప్పు మన గుడి గోడయొద్ద ఆగిపోదు.

మన పల్లెలలోను సైన్యమునుండి తిరిగివచ్చిన పెద్దలున్నారు. వారు సరిహద్దున కాపలా కాసిన ఏండ్లలో ఇంటి కాపలా వారి భార్యలు కాసిరి. సెలవుమీద ఇంటికి వచ్చిన తండ్రిని గుర్తుపట్టక తల్లి కొంగుచాటున దాగిన బిడ్డలున్నారు. ఇల్లు చేరిన పిమ్మట ఆ సిపాయి మరల తండ్రిగా, భర్తగా ఉండుట నేర్చుకొనవలసి వచ్చెను. అది చిన్న పని కాదు. శతాధిపతియైన కొర్నేలిని గూర్చి లేఖనము చెప్పునప్పుడు అతని కత్తిని పొగడలేదు. అతని యింటివారిని, అతని ధర్మకార్యములను, అతని ప్రార్థనను చూపించెను. పేతురు వచ్చుసరికి అతడు తన బంధువులను, స్నేహితులను పిలిచి ఎదురుచూచుచుండెను.

ఇప్పుడు మన తప్పు ఒప్పుకొందము. సమాధి కూడికలో మనము అరగంటసేపు సాక్ష్యము చెప్పుదుము. అందులో సగమైనను ఆయన మంచముమీద నుండగా చెప్పితిమా? ఆయన పనిచేసిన చోటి పేరైనను అడిగి తెలిసికొంటిమా?

కావున ఈ మాసము మనము చేయదగినవి ఇవి. అట్టి పెద్దను ఆదివారము మధ్యాహ్నము చూడబోవుదము; మనము తక్కువ మాటలాడి, ఆయనను చెప్పనిత్తము. చదువుకొన్న యౌవనులు ఆయన పెన్షను కాగితములు చూడవలెను: ఏటేట ఇయ్యవలసిన జీవన ప్రమాణపత్రము అందినదా? భార్య పేరు కాగితములలో సరిగా నున్నదా? ఆ పేరు తప్పుగానున్నయెడల రేపు ఆ విధవరాలు కుటుంబ పెన్షను కొరకు కార్యాలయముల చుట్టు తిరుగవలసి వచ్చును. తెలియని సంగతి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయములో అడుగవచ్చును. ఇక కన్నబిడ్డల సంగతి పౌలు తిమోతికి వ్రాసియున్నాడు: భక్తి మొదట ఇంటిలో కనబడవలెను, తల్లిదండ్రుల ఋణము తీర్చుట దేవునికి ఇష్టమైన పని.

ఆలోచించుటకు:
1. ప్రసంగి చూపిన ఊరివారు ఏమి చేయుటవలన తప్పినవారైరి, ఏమి చేయకపోవుటవలన?
2. మన సంఘములో మనము మరచిన పెద్ద ఎవరు?
3. ఆయన బ్రదికియుండగా మనము చెప్పవలసిన మాట ఏది?

ప్రార్థన: ప్రభువా, నీవు ఎవరిని మరువని దేవుడవు. మా మరపును క్షమించుము. మా పెద్దలు వినగలిగి యుండగానే వారికి కృతజ్ఞత చెప్పు మనస్సు మాకు దయచేయుము. ఆమేన్.