పాత వుడ్స్‌మన్ కొనేముందు పిడి వెనక చూడండి

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను, గ్రీన్ కార్డు ఉంది. 1929 నాటి కోల్ట్ వుడ్స్‌మన్ .22 పిస్టల్ ఒకటి అమ్మకానికి వచ్చింది. కొని కాల్చుకోవచ్చా?

జవాబు: కాల్చుకోవచ్చు, తూటా సరైనదైతే. జాన్ బ్రౌనింగ్ రూపకల్పనతో కోల్ట్ కంపెనీ 1915లో మొదలుపెట్టిన పిస్టల్ ఇది. వుడ్స్‌మన్ అన్న పేరు 1927లో వచ్చింది. తయారీ 1977లో ఆగింది.

అసలు కీలకం పిడి వెనక ఉంది. స్ప్రింగు కూర్చునే ఆ భాగం మీద గళ్ల నగిషీ ఉంటే స్టాండర్డ్ వెలాసిటీ తూటాలే వాడాలి. అడ్డగీతలుంటే అది హై వెలాసిటీ తూటాలకు తట్టుకునేలా 1930ల్లో గట్టిపరిచిన రకం. 1929 పిస్టల్‌కి గళ్లే ఉండాలి. గీతలు కనిపిస్తే ఎవరో తర్వాత మార్చారన్నమాట.

తూటా లేదని రూఢి చేసుకున్నాక ఛాంబర్ అంచును టార్చి వేసి చూడాలి. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కీ నొక్కీ ఫైరింగ్ పిన్ అక్కడ గాటు పెట్టి ఉండొచ్చు. గాటు పడితే ఖాళీ తొడుగులు ఇరుక్కుంటాయి. అక్షరాల అంచులు అరిగి మసకబారితే మళ్లీ రంగు వేసినట్టే. సేకర్తల దగ్గర ధర తగ్గుతుంది. పది తూటాల అసలు మ్యాగజైన్ ఉందో లేదో కూడా అడగాలి.

లైసెన్సున్న డీలర్ దగ్గరైతే 21 ఏళ్లు నిండాలి, 4473 ఫారం నింపాలి. గ్రీన్ కార్డుతో ఇబ్బంది లేదు. హెచ్-1బి వీసా మీదున్న స్నేహితులకు మాత్రం, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ చేతిలో ఉండడమే ఫెడరల్ నేరం.

మొదటిసారి మ్యాగజైన్ నింపొద్దు. రెండు తూటాలే వేసి, ఒక్కో నొక్కుకు ఒక్కటే పేలుతోందని తేల్చుకోండి.