గడ్డి ఎండకముందే

అటవీ శాఖలో బీట్ల వెంట తిరిగి తిరిగి, రిటైరయ్యాక చైతన్యపురిలో స్థిరపడ్డాను. విజయవాడ రోడ్డు మీద, వనస్థలిపురం దగ్గరే మహావీర్ హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేటాడిన చోటు, 1994లో జాతీయ పార్కు అయింది. కృష్ణజింకలకు ఊరంచున మిగిలిన నీడ అది. అగ్గి రాకుండా చూడడంలో నా అనుభవం అక్కడా పనికొస్తుంది, మన కాలనీల్లోనూ పనికొస్తుంది.

1. సంక్రాంతికల్లా కొడవలి పట్టాలి. వానలకు నడుమెత్తు పెరిగిన గడ్డి ఫిబ్రవరికి చిటపటమనేలా ఎండుతుంది. అప్పుడు మిషన్ బ్లేడు రాయికి తగిలినా రవ్వ లేస్తుంది.

2. కోయడం సగం పనే. కోసిన గడ్డిని అక్కడే వదిలేస్తే నిలబడ్డ గడ్డి పడుకుంది, అంతే. మంటను ఆపే ఫైర్ లైన్ అంటే మట్టి కనబడాలి. పారతో చెక్కి, రాలిన ఆకు ఊడ్చి, ఎత్తి పోయాలి. గాలికి మళ్లీ ఆకు రాలుతుంది కాబట్టి వేసవి అంతా ఊడుస్తూనే ఉండాలి. ముందు రోడ్డంచు చూడండి, ఆర్పకుండా విసిరిన బీడీ ముక్క పడేది అక్కడే.

3. అన్నీ నరకొద్దు. జింకకు గడ్డే తిండి. చెట్టుకు నేలను తాకే కొమ్మలు మాత్రం తీసేయండి, మంట వాటి మీదుగానే పైకెక్కుతుంది. ఏది ఉంచాలో, ఏది తీయాలో చూసి చేయడం మనిషి చేతికే సాధ్యం.

4. నల్లమలలో ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద ఆకు తగలబెడతారు, తునికాకు కొత్తగా చిగురించాలనీ నిప్పు పెడతారు. కేసులతోనే అది ఆగదు. ఆ ఇప్పచెట్ల కింద ముందే ఊడ్చి పెట్టండి, పూలు ఏరేవాళ్లకు అగ్గితో పనుండదు. అడవి తెలిసిన చెంచులను ఫైర్ వాచర్లుగా పెట్టుకుంటే పొగ ఎక్కడ లేచిందో వాళ్లే ముందు పసిగడతారు.

5. కాలనీల ఖాళీ ప్లాట్లలో వయ్యారిభామను పూత రాకముందే వేళ్లతో సహా పీకండి, చేతికి గ్లౌజులు తప్పనిసరి. సర్కారు తుమ్మను నరికితే మోడు మళ్లీ చిగురిస్తుంది, గడ్డపారతో వేరు తవ్వాలి. దిగేముందు కర్రతో తట్టండి, పాములుంటాయి. పీకిందంతా చెత్త బండికే ఎత్తండి. పక్కన కార్లు, పైన కరెంటు తీగలు ఉన్న చోట అగ్గిపుల్ల గీయడమేమిటి?

6. చిన్న మంటయితే గాలికి ఎదురు కాకుండా నిలబడి పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పవచ్చు, ఒంటరిగా మాత్రం వద్దు. నడుమెత్తు లేస్తే వెనక్కొచ్చి 101కి ఫోన్ చేయండి.